గృహసేద్యము: చిన్న ట్రాక్టరు కొనుటకు ముందు



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఒక తరము క్రిందటివరకు ఇంటి దొడ్డిలో ఒక జత హళ్ళికారు యెద్దులుండుట సామాన్యము. ఆ జతయే మడక దున్నెడిది, గుంటక తోలెడిది, దిబ్బలోని యెరువును చేనికి చేర్చెడిది, పండుగకు పుట్టింటికి పోవలసివచ్చిన బండి లాగెడిది. నేడు చాల యిండ్లలో ఆ యెద్దులు లేవు. పనులు మాత్రము పోలేదు. అందుచే రెండు మూడెకరముల భూమి గలవారు సయితము చిన్న ట్రాక్టరు కొందమా యని తలపోయుచున్నారు. బండిని చూచి వచ్చునది, బేరమాడునది చాలవరకు పురుషులే. అప్పు పత్రముమీద చేవ్రాలు చేయునపుడును, మొదట చెల్లింపవలసిన సొమ్మునకై నగలు కుదువ పెట్టవలసి వచ్చినపుడును స్త్రీల జ్ఞాపకము వచ్చును. చేవ్రాలు చేయువారికి ఆ వస్తువు సంగతి తెలిసియుండవలెను గదా. కావున ఈ మాసము ఈ విషయమునే తీసికొంటిమి.

మొట్టమొదట చేయవలసినది దుకాణమునకు పోవుట కాదు. ఒక కాగితము తీసికొని, ఉగాది మొదలు మరల ఉగాది వరకు ఇంటను, పొలమునను ట్రాక్టరు చేయగల పనులు ఏవేవి కలవో, ఒక్కొక్కదానికి ఎన్ని గంటలు పట్టునో వ్రాయవలెను. ఈ లెక్క వేయుటలో ఇంటి యిల్లాలు మిక్కిలి సమర్థురాలు. ఏడాదిలో ఎన్ని కూలిదినములు పెట్టినది, ఎవరి బండికి ఎంత బాడుగ యిచ్చినది ఆమెకే తెలియును.

ఉదాహరణమునకు హిందూపురము దాపున ఒక కుటుంబమును ఊహింతము. వారికి మూడెకరములు. అందు ఒకటిన్నర యెకరము బోరు క్రింద మల్బరీ తోట. మిగిలిన ఒకటిన్నర యెకరము వానకు పండు వేరుసెనగ, కంది. పట్టుపురుగులను పెంచు కొట్టము, రెండు పాడిపశువులు, కొన్ని టెంకాయ చెట్లు, చింతచెట్లు, ఒక యెరువు దిబ్బ. పట్టుగూళ్లను హిందూపురపు మార్కెట్టుకు తీసికొనిపోవుచుందురు. ఈ సీమలో ఇట్టి సంసారములు వందలకొలది కలవు.

మల్బరీ తోటను పూర్వము మూడేసి అడుగుల దూరమున నాటెడివారు. అట్టి తోటలోనికి ఏ ట్రాక్టరును పోజాలదు. నేడు జంట సాళ్ల పద్ధతి వచ్చినది. రెండు సాళ్ల నడుమ మూడడుగులు, ఆ జంటకును మరియొక జంటకును నడుమ అయిదడుగులు. ఆ అయిదడుగుల దారి యంత్రము కొరకే విడిచినది. కొత్తగా తోట నాటువారు హిందూపురము ప్రక్కన కిరికెరలోనున్న రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన సంస్థవారిని అడిగి సాళ్ల దూరమును ముందే నిర్ణయించుకొనుట మేలు. ట్రాక్టరు కొని తెచ్చిన పిదప తోటలో దారి లేదని తెలిసికొనుట కంటె విచారకరమైనది మరి లేదు.

ఇక గంటల లెక్క. జంట సాళ్లలో ఎనిమిది అడుగులకొక దారి వచ్చును. ఒకటిన్నర యెకరమునకు ఆ దారుల పొడవంతయు కలిపి సుమారు రెండున్నర కిలోమీటర్లు. గంటకు రెండు కిలోమీటర్ల నడకతో, మలుపుల కాలము కూడ చేర్చినచో, ఒక మారు దున్నుటకు రెండు గంటలు. పోయి వచ్చి రెండు మారులనిన నాలుగు. ఏడాదికి అయిదు పంటలు ఆకు కోయుదురు గనుక 20 గంటలు. నీటి తోటకు ఎకరమునకు ఏడాదికి 8 టన్నుల పశువుల యెరువు వేయవలెనని చెప్పుదురు. మన లెక్కకు 12 టన్నులు. టన్ను పట్టు ట్రాలీతో 12 పర్యాయములు తోలవలెను, ట్రాక్టరు నడచు కాలము 10 గంటలు. పురుగులు పెద్దవైన దినములలో మండలతో ఆకును తోటనుండి కొట్టమునకు చేర్చుటకు ఏడాది మొత్తముమీద 15 గంటలు. వానచేనికి 8, పెరటి పనులకు, కట్టెలు, పాకల శుభ్రమునకు 5. అంతయు కలిపి 58 గంటలు.

దీనికెదురుగా ఖర్చును వ్రాయుదము. చిన్న ట్రాక్టర్ల ధర నేడు ఇంచుమించు మూడు మొదలు ఆరు లక్షల రూపాయల వరకు కలదు. బండి నాలుగున్నర లక్షలు, దానివెంట ట్రాలీ, రోటవేటరు, కల్టివేటరు కలిపి ఒకటిన్నర లక్ష, వెరసి ఆరు లక్షలనుకొందము. చేతిసొమ్ము రెండు లక్షలు. అప్పు నాలుగు లక్షలు, నూటికి 10 వడ్డీ, ఆరు సంవత్సరముల గడువు. ఆరుమాసములకొక కంతు చొప్పున తీర్చినచో కంతు సుమారు 45,000. మొత్తముమీద వడ్డీ లక్షా నలుబది వేలు. పది సంవత్సరముల పిమ్మట ఆ సరంజామా నంతటిని రెండు లక్షలకు అమ్మితిమనుకొన్నను, తరుగు నాలుగు లక్షలు, వడ్డీ ఒకటి నాలుగు. ఏడాదికి 54,000. బీమా, ఇంజను నూనె, చక్రములు, మరమ్మతులు 16,000. ఇంజను త్రిప్పకయే ఏడాదికి 70,000 రూపాయలు!

బాడుగ ట్రాక్టరునకు గంటకు 1,000 అనుకొని, మన సొంత బండికి గంటకు రెండున్నర లీటర్ల డీజిలు, అనగా సుమారు 250 ఖర్చు తీసివేసినచో, సొంత బండి గంటకు 750 రూపాయలు మిగుల్చును. 70,000ను 750చే భాగింపుడు. 93 గంటలు వచ్చును. మన కుటుంబమునకు పని 58 గంటలే. అనగా ఈ లెక్కప్రకారము ఆ బండి ఏటేటను నష్టమే. మీ యూరి బాడుగ వేరైనచో ఆ యంకెను పెట్టి తిరిగి లెక్కవేసికొనుడు, పద్ధతి యొక్కటే.

అయినను లెక్క యంతయు రూపాయలలోనే లేదు. అవిభక్త అనంతపురము జిల్లాకు ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది యైనను క్రమముగా కురియదు. పదును వచ్చిన మూడు నాలుగు దినములలో దున్ని విత్తుకొనకున్న ఎర్రనేల ఎండి గట్టిపడును. ఊరందరికి ఒకే దినమున ట్రాక్టరు కావలెను. బాడుగవాడు ముందు పది యెకరముల ఆసామికి పోవును, తరువాత అయిదెకరముల వానికి. ఒకటిన్నర యెకరమువారి వంతు వచ్చుసరికి పదును పోవును. ఆ నష్టమును గంటల లెక్కలో వ్రాయలేము. సొంత యంత్రమునకు నిజమైన సమర్థన యిదియే గాని, ప్రక్కవారి వాకిట బండి నిలిచినదని మన వాకిటను నిలుపుట కాదు.

ఇందుకు మాకు తోచిన మార్గము, ఒకే యూరిలోనున్న రెండు కుటుంబములు, అన్నదమ్ములో, వదినె మరదండ్రో, కలిసి ఒక బండిని కొనుట. 58 రెండింతలైనచో 116. అపుడు లెక్క సరిపోవును. కాని నోటిమాట చాలదు. బండి యెవరి పేర నుండునది, ఏ దినము ఎవరిది, పదును దినమున ఎవరిది ముందు, విరిగినచో ఎవరు బాగుచేయింపవలెను, ఒకరు మానుకొనదలచినచో ఎంత యియ్యవలెను, ఇవన్నియు వ్రాతమూలముగ నుండవలెను. పదును దినమున ఒక యేడు ఒకరు ముందు, మరుసటి యేడు మరియొకరు ముందు అని వంతు వ్రాసికొన్నచో జగడములలో సగము తీరును.

ట్రాక్టరు గాక, చేత పట్టుకొని వెనుక నడచు పవర్ టిల్లరు కూడ నున్నది. దాని వెల ట్రాక్టరు వెలలో సుమారు సగము. జపానుదేశపు మిట్సుబిషి కంపెనీవారి సహాయమున 1967లో ఏర్పడిన వి.ఎస్.టి. కంపెనీ బెంగుళూరిదే, అది యీ సీమకు దూరము కాదు గనుక ఆ యంత్రము ఇచ్చట చిరపరిచితము. ఇరుకు దారులలో చక్కగ దున్నును. అయితే గంటలకొలది దాని పిడులను పట్టుకొని నడచుట చేతులకు, భుజములకు మిక్కిలి శ్రమ. మలుపులలో బలముగ త్రిప్పవలెను. ఇంట నడుపువారు బలిష్ఠులైన యువకులైనచో సరే. స్త్రీలే నడుపదలచినచో కూర్చుండి నడుపు బండియే మేలని మా యభిప్రాయము.

ఇక బండినే చూతము. చిన్న ట్రాక్టరులనగా 15 మొదలు 28 అశ్వశక్తుల వరకు గలవి. స్వరాజ్ వారు, మహీంద్రా వారు, కుబోటా వారు, వి.ఎస్.టి. వారు, ఇంక కొందరు వీనిని అమ్ముచున్నారు. ఏది మంచిదని మమ్ము అడుగవలదు. మీ యూరికి పది పండ్రెండు మైళ్లలో మరమ్మతు చేయువాడును, విడిభాగములును ఎవరివి దొరకునో ఆ కంపెనీదే మీకు మంచిది. కొన్ని సంగతులు మాత్రము అడిగి తెలిసికొనవలెను.

మొదటిది వెడల్పు. అయిదడుగుల దారి అనగా 152 సెంటీమీటర్లు. ఇరుప్రక్కల జానెడేసి విడువనిదే మల్బరీ కొమ్మలు విరుగును. అనగా బండి గాని, దాని వెనుక పనిముట్టు గాని 110 సెంటీమీటర్లకు మించరాదు. దుకాణమునకు పోవునపుడు కుట్టుపని టేపును చేతిసంచిలో వేసికొని పోవుడు. వెనుక చక్రముల బయటి అంచునుండి అంచువరకు మీరే కొలువుడు. ఎవరైన నవ్వినచో నవ్వనిండు.

రెండవది బలము. ఇంజను బలము వేరు, వెనుక త్రిప్పుడు కడ్డీకి చేరు బలము వేరు. ఆ కడ్డీని పి.టి.ఓ. యందురు, రోటవేటరును, మందు చల్లు యంత్రమును త్రిప్పునది అదియే. ఇంజను 21 అశ్వశక్తులదని గొప్పగ చెప్పిన బండి పి.టి.ఓ. వద్ద 15, 16 మాత్రమే యీయవచ్చును. రోటవేటరు నడచుట ఈ రెండవ యంకెను బట్టియే. నిజము తెలియవలెనన్న పరీక్షా నివేదిక చూపుమని అడుగుడు. మన దేశమున ట్రాక్టర్లను మధ్యప్రదేశములోని బుద్నీయందున్న కేంద్రప్రభుత్వ సంస్థ పరీక్షించుచున్నది. పి.టి.ఓ. బలము, గంటకు డీజిలు, వెనుక చేతులు ఎత్తు బరువు, బ్రేకుల పని అన్నియు అందుండును. ఎత్తు బరువు 750 కిలోలని వ్రాసియున్నను, అది చేతుల కొనయందు కొలిచినది. బరువు వెనుకకు జరిగినకొలది ఎత్తు శక్తి తగ్గును.

మూడవది నాలుగు చక్రములకు బలమున్న బండి కావలెనా, రెండు చక్రములది చాలునా యనునది. ఈ విషయమున అమ్మకందారు మాటకంటె పనిముట్టును బట్టి ఆలోచింపవలెను. రోటవేటరు కత్తులు తిరుగుచు బండిని తామే ముందునకు త్రోయును. దానికి రెండు చక్రములు చాలును. కల్టివేటరు నేలలో దిగి వెనుకకు లాగును. తేలిక బండి జారకుండుటకు నాలుగు చక్రములు సహాయపడును. పెనుకొండ చుట్టుపట్ల కొండవాలు చేలకు, ఎరువు ట్రాలీతో మిట్ట లెక్కవలసినవారికి నాలుగు చక్రములదే మేలు. సమతలమున మల్బరీ తోట మాత్రమే గలవారు ఆ యదనపు సొమ్మును మంచి ట్రాలీకి పెట్టవచ్చును. పెనుకొండ ప్రక్కన యెర్రమంచి వద్ద 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. కారు కొనువారు రంగు, అందము చూచినను చెల్లును, ట్రాక్టరు నట్లు చూచి కొనరాదు.

నాలుగవది, ఎవరు నడుపుదురు? ఇంటి స్త్రీ నడుపదలచినచో ఆమెయే సీటులో కూర్చుండి చూడవలెను. క్లచ్చిని పూర్తిగా త్రొక్కినపుడు నడుము సీటును వదలి ముందునకు జారరాదు. తిరిగి వెనుకకు చూచినపుడు పనిముట్టు కనబడవలెను. ట్రాక్టరు తేలిక వాహనముల లైసెన్సుతో నడుపవచ్చును. పదునెనిమిది నిండినవారు తీసికొనవచ్చును. అనంతపురము దాపున గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు దక్షిణప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ పరీక్షా సంస్థ కలదు. యంత్రమును ఎన్నుకొనుట, నడుపుట, బాగుచేసికొనుట అచ్చట నేర్పుదురు. బండి కొనకముందే అచ్చట శిక్షణ పొందినవారిని దుకాణదారు తేలికగ మోసపుచ్చజాలడు.

పనిముట్లను తగిలించు వెనుకభాగమును గూర్చి ఒకమాట. క్రింద రెండు చేతులు, పైన ఒకటి, ఈ మూడు చోట్ల పట్టుకొను ఏర్పాటును ఐర్లండు దేశీయుడైన హ్యారీ ఫెర్గుసన్ కనిపెట్టెను. 1939లో అది ఫోర్డు ట్రాక్టరుతో లోకమునకు వచ్చినది. అంతకు పూర్వము మడకను గొలుసుతో లాగెడివారు. మడక రాతికి తగిలినచో ట్రాక్టరు ముందుభాగము లేచి వెనుకకు తిరుగబడి నడుపువాని ప్రాణము తీసెడిది. జపానువారు ఈ యంత్రమును తమ చిన్న మళ్లకు తగినట్లు కుదించిరి. కుబోటావారి మొదటి పొలపు ట్రాక్టరు 1960లో వచ్చినది. మూడు చేతుల యేర్పాటు చిన్న బండ్లలోను ఉన్నది గాని, చేతుల వెడల్పులో తేడాలున్నవి. పెద్ద బండి పనిముట్టు చవుకగ దొరికినదని తెచ్చినచో అది తగులుకొనదు. తగులుకొన్నను బండి మోయలేదు.

పనిముట్లలో మొదట కొనదగినది ట్రాలీ యని మా నిశ్చితాభిప్రాయము. అందరు రోటవేటరుమీద కన్ను వేయుదురు. కాని ఇంటికి సంబంధించిన పనిలో పెద్దపాలు మోతయే: ఎరువు, ఆకు, కట్టెలు, పశువుల మేత, టెంకాయలు, పట్టుగూళ్లు. నూనె ఒత్తిడితో వెనుకకు వ్రాలి తానే కుమ్మరించు ట్రాలీ దొరికినచో కొంచెము ఎక్కువయైనను తీసికొనుడు. ఎరువును తట్టలతో దింపునది స్త్రీలే గనుక ఆ యదనపు సొమ్ము వారి నడుములను కాపాడును. ట్రాలీ తలుపులు ఎంత యెత్తున నున్నవో చూడుడు. తలుపు ఛాతీకంటె ఎత్తుగ నున్నచో ప్రతి తట్టయు తలమీదికి ఎత్తి వేయవలసివచ్చును.

తరువాత రోటవేటరు. పైన చెప్పిన దారికి మూడడుగులదే తగును. ఇది మల్బరీ తోటలో, నీటి తడి నున్న నేలలో చక్కని పని చేయును. కలుపును ముక్కలుచేసి మన్నులో కలుపును. వానచేలలో మాత్రము దీనిని మాటిమాటికి త్రిప్పరాదు. మన ఎర్రనేల పిండియైనచో మొదటి వానకే పైన పెచ్చుకట్టును, మొలక పైకి రాలేదు. వేరుసెనగ చేనికి అయిదు కొయ్యల కల్టివేటరు, తరువాత గుంటక చాలును. రాళ్లున్న గరపనేలలో రోటవేటరు కత్తులు విరుగుచుండును. కొనకముందు విడి కత్తుల ధర, దొరకు చోటు అడుగుడు. విత్తు యంత్రమును ఒకటిన్నర యెకరమునకు కొననక్కరలేదు. సాళ్లు ఎక్కువగ నున్న పెద్ద విత్తు గొర్రును చిన్న బండి లాగలేదు కూడ; ఆ యొక్క దినము బాడుగకు తెచ్చుకొనుడు. చెరువు మట్టి తోలుట, కొత్త బీడు మొదటి దుక్కి, ఇవియు పెద్ద ట్రాక్టరు పనులే.

నేల చదునుచేయు వెనుక పలక చవుక, ఉపయోగకరము. వానకు కోసిన యింటి దారిని ఒక పూటలో సరిచేయవచ్చును. ముందు తగిలించు ఎత్తుడు తొట్టిని చూచి ముచ్చటపడవలదు. వెల యెక్కువ, తొట్టి నిండినపుడు బరువంతయు ముందు చక్రముల యిరుసుమీద పడును, వెనుక తేలిపోవును. మందు చల్లు యంత్రము మల్బరీ తోటకు జాగ్రత్తగ వాడవలెను; ఇతర పంటలకు చల్లిన పురుగుమందు తొట్టిని కడుగక తోటకు వాడినచో ఆకు తిన్న పట్టుపురుగులన్నియు చచ్చును. ఆకుతోటకు వేరే తొట్టి పెట్టుకొనుట ఉత్తమము.

నీటి కరవు సీమ గనుక నీళ్ల ట్యాంకరు కొందమని చాలమందికి తోచును. నీరు లీటరునకు ఒక కిలో. 3,000 లీటర్ల ట్యాంకరు అనగా మూడు టన్నులు, ట్యాంకరు బరువు వేరు. లాగు బండి టన్నుకు లోపలిది. మిట్టమీద లాగినను లాగును. పల్లమున దానిని నిలుపలేదు. సగము నిండిన ట్యాంకరు మరియు కష్టము, నీరు ఇటునటు ఊగి మలుపులో బండిని త్రోయును. 1,000 లీటర్లకు మించినది చిన్న బండికి కట్టవలదు.

సొమ్ము విషయమున రెండు సంగతులు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకు తగ్గినది; పాత ధరల పట్టిక చూపువారిని నమ్మవలదు. కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యాంత్రీకరణ పథకము 2014–15లో ఆరంభమైనది. అందు స్త్రీ రైతులకు, సన్న చిన్నకారు రైతులకు, షెడ్యూల్డు కులముల తెగలవారికి యంత్రముల వెలలో సగము వరకు, ఇతరులకు నూటికి 40 వరకు సహాయమని నిబంధన. ఒక్కొక్క యంత్రమునకు పరిమితి వేరు. నిధులు ప్రతి యేడును, ప్రతి యంత్రమునకును దొరకవు గనుక బయానా యిచ్చుటకు ముందే గ్రామమునందలి రైతు సేవా కేంద్రములో అడుగవలెను.

సహాయధనము కొరకు ఇల్లాలి పేర దరఖాస్తు పెట్టుట నేడు వాడుక. మంచిదే. కాని పేరు ఆమెది, అప్పు ఆమెది, బండి తాళము మాత్రము మరియొకరిది యనునట్లు కారాదు. బండి ఆమె పేర రిజిస్టరైనచో ప్రమాదము జరిగినపుడు బాధ్యతయు ఆమెదే. కావున బీమా ఏనాటికి ముగియునో ఆమెకు తెలియవలెను. ట్రాలీని వేరుగ రిజిస్టరు చేయించి బీమా కట్టవలెను. ట్రాలీలో పెండ్లివారినో కూలివారినో ఎక్కించి తీసికొనిపోవుచుండగ ఏమైన జరిగినచో బీమావారు ఇయ్యమని చెప్పవచ్చును. అపుడు చేనును అమ్మి పరిహారము చెల్లింపవలసివచ్చును. కంతు లెక్కయు ఆలోచింపుడు: ఆరుమాసములకు 45,000 అనగా, వానలు తప్పిన యేటను, పట్టుగూళ్ల ధర పడిపోయిన యేటను, ఆ 45,000 ఎచ్చటినుండి వచ్చునో కొనకముందే చెప్పగలిగియుండవలెను. పాడిమీదనో, మగ్గముమీదనో వచ్చునని చెప్పగలిగినవారు కొనవచ్చును. నగలమీద వచ్చునని చెప్పువారు ఆగుట మంచిది.

ఇక ప్రాణముల విషయము. దీనిని తొందరపడక చదువ ప్రార్థన. పి.టి.ఓ. కడ్డీ నిమిషమునకు 540 చుట్లు తిరుగును; అనగా సెకండుకు తొమ్మిది. కడ్డీ చుట్టుకొలత జానెడుకంటె తక్కువగాదు గనుక సెకండుకు సుమారు రెండు మీటర్ల గుడ్డను చుట్టుకొనగలదు. పమిట చెంగు తగిలినచో ఆరు గజముల చీర మూడు సెకండ్లలో దానిలోనికి పోవును. నూలు చీర కొంత చినిగిపోవచ్చును; నేడు పొలమునకు కట్టుకొను సింథటిక్ చీర చినుగదు, కనుక మనిషినే లాగును. విరబోసికొన్న జడయు నంతే. కడ్డీమీది ప్లాస్టిక్ తొడుగు లేని యంత్రమును కొనరాదు. ఉన్న తొడుగును మరమ్మతువాడు తీసివేసినచో తిరిగి వేయించుకొనక అతనిని పంపరాదు. కొంగును నడుమున దోపి, పైన బిగుతైన చొక్కా తొడుగుకొని పని చేయవలెను. ఇంజను ఆగి కడ్డీ నిలిచినగాని రోటవేటరు దగ్గరకు పోయి చుట్టుకొన్న కలుపును తీయరాదు. పశుగ్రాసము నరుకు యంత్రమును ట్రాక్టరుతో త్రిప్పువారు ఈ మాటను రెండు మారులు చదువవలెను.

తిరుగబడుట మరియొక ప్రమాదము. ట్రాలీని, మొద్దులను క్రింది కొక్కెమునకే కట్టవలెను. పై చేతికి కట్టినచో ముందుభాగము లేచి వెనుకకు పడును. తలపైని యినుప కమానుగల బండిని, దానితో నడుము పట్టీని వాడుడు; కమాను లేని బండిలో పట్టీ కట్టుకొనుట హానికరము. గట్టుల అంచున, ఒర లేని పాతబావుల దగ్గర నడుపరాదు. ట్రాక్టరునకు కుడి యెడమ చక్రములకు వేరువేరు బ్రేకులుండును. చేనిలో తిరుగుటకు అది యుపయోగము, రోడ్డుమీద నొకటి మాత్రమే త్రొక్కినచో బండి బోల్తాపడును. ఇంటి వాకిలి దాటకముందు రెండింటిని కొక్కెముతో జోడింపవలెను. బిడ్డలను మడ్గార్డుమీద కూర్చుండబెట్టుకొని తిప్పుట ముద్దు కాదు. చక్రమునకును వారికిని నడుమ ఏ అడ్డును లేదు.

బండి వచ్చిన పిదప దానికొక నీడ కావలెను. రేకుల పాక చాలును. దానిలోనే కంది మూటలను, వేరుసెనగ బస్తాలను పెట్టవలదు. గింజలకై వచ్చిన యెలుకలు తీగెల తొడుగులను కొరుకును. పదును వచ్చిన నాటి ఉదయము బండి కదలకున్నచో కారణము చాలసార్లు అదియే. వారమునకొకమారు, వాడినను వాడకున్నను, నూనె కడ్డీని తీసి చూచుటను, బ్యాటరీ కొనలమీది తెల్లని బూజును వేడినీటితో కడుగుటను, గాలివడపోత పెట్టెను విప్పి మన ఎర్రదుమ్మును దులుపుటను ఇంటివారిలో ఒకరు తమ పనిగ పెట్టుకొనవలెను. ఎవరు చేయునది గోడమీది పంచాంగములో వ్రాసి ఉంచుడు.